మణెమ్మ ముందుగా చెప్పిన వందనాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మన సంఘ పత్రికకు నా సాక్ష్యం రాయమని పాస్టర్ అయ్యగారు అడిగి చాలా రోజులైంది, తాపీ పట్టిన చేతికి కలం పట్టడం రాక ఇన్నాళ్లు తప్పించుకు తిరిగాను, కానీ దేవుడు చేసిన మేలును కడుపులో దాచుకుంటే అరగదని నా భార్య మణెమ్మ రోజూ పోరుతుంటే ఇక లాభం లేదని కూర్చున్నాను. నా పేరు దానియేలు. ఇబ్రహీంపట్నంలోనే పుట్టి, ఇక్కడే మేస్త్రీ పని చేసుకుంటున్నాను. ఒకప్పుడు నేను రెండు మెట్లు ఎక్కితే మూడో మెట్టు మీద కూలబడేవాణ్ణి. దగ్గు మొదలైతే పక్కింటి వాళ్లకు మెలకువ వచ్చేది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపిరి కోసం ఆగేవాణ్ణి, అయినా ఆ ఆగిన సందులోనే ఇంకో బీడీ వెలిగించేవాణ్ణి!

ఈ అలవాటు నాకు చెడు స్నేహాల వల్ల రాలేదు, ప్రేమ వల్ల వచ్చింది. మా బాపు కూడా మేస్త్రీయే. పొద్దున్నే అమ్మ కట్టెల పొయ్యి అంటించగానే బాపు గోడకు ఆనుకుని కూర్చుని, నా చేతికి బీడీ ఇచ్చి పొయ్యిలో అంటించుకుని రమ్మనేవాడు. పొయ్యి దగ్గర నుంచి ఆయన దగ్గరకు వచ్చేసరికి అది ఆరిపోయేది, ఆరకుండా ఉండాలంటే మధ్యలో ఒకసారి లాగాలి, అలా బాపుకు ఆరిపోయిన బీడీ ఇవ్వకూడదన్న ప్రేమతోనే నేను మొదటి దమ్ము లాగాను. ఇప్పటికీ ఎక్కడైనా కట్టెల పొగ ముక్కుకు తగిలితే నాకు బీడీ గుర్తుకు రాదు, బాపు గుర్తుకు వస్తాడు. చివరి రోజుల్లో ఆయనకు పడుకుంటే ఊపిరాడేది కాదు, గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు, అలా కూర్చునే ప్రభువు దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ రోజు శ్మశానం నుంచి వచ్చి నేను చేసిన మొదటి పని బీడీ కాల్చడం, ఇంత గుడ్డితనం ఎవరికైనా ఉంటుందా!

అప్పటి మన మందిరం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేకుల షెడ్డు, ఎండాకాలం ఆరాధనలో అందరి వీపులూ తడిసిపోయేవి, వాన పడితే ప్రసంగం ఆపి పాటలు పాడుకునేవాళ్లం, ఎందుకంటే రేకుల మీద వాన చప్పుడుకు అయ్యగారి మాట ముందు వరుసకు కూడా వినిపించేది కాదు. పాట మాత్రం వానను మించి వినిపించాలి, అందుకు మొదట బాపు గొంతు ఉండేది, ఆయన తర్వాత నా గొంతు. చాప మీద కూర్చుని డోలక్ ముందర పెట్టుకుని నేను ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. అబ్బ, ఆ రోజులు! మైకు లేదు, కుర్చీలు లేవు, పొరుగు వీధి వాళ్లు కూడా ఆ పాట విని ఇవాళ ఆదివారం అనుకునేవాళ్లు.

ఒక ఆదివారం పెద్ద వాన. నేను పాట ఎత్తుకున్నాను, పల్లవి దాటింది, చరణం సగంలో నా ఊపిరి తెగిపోయింది. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు, నా నోట్లో నుంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు, మందిరమంతా వాన చప్పుడే. అప్పుడు స్త్రీల వైపు నుంచి సుందరమ్మ అవ్వ తన ముసలి గొంతుతో ఆ చరణం అందుకుని ముగించింది. సహోదరులారా, ఆ రోజు నేను తల ఎత్తలేదు.

దవాఖానకు పోతే డాక్టరు ఛాతీ ఫోటో చూసి, మీ నాన్నకు ఏమైంది అని అడిగాడు. చెప్పాను. నువ్వూ అదే దారిలో ఉన్నావు, ఇప్పుడు మానితే ఉన్న ఊపిరైనా మిగులుతుంది అన్నాడు. భయపడ్డాను, ఎందుకు పడను! ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో. పెద్ద చెరువు గట్టు మీద నిలబడి బీడీల కట్టను నీళ్లలోకి విసిరి, ఇల్లు చేరేలోపే ఇంకొకటి కొనేవాణ్ణి. నీ పుణ్యమా అని చెరువులో చేపలన్నీ బీడీలు మరిగి ఉంటాయని మణెమ్మ ఎగతాళి చేసేది. ఎగతాళి పైకే, లోపల ఆమె ఏడుపు నాకు తెలుసు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆమె నా కోసం మోకాళ్ల మీద ఎంతసేపు ఉండేదో తోటి స్త్రీలు చెబితే విన్నాను.

అలా ఉండగా ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో, ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మణెమ్మ లేచి నిలబడింది. "మా ఇంటాయనను దేవుడు బీడీల నుంచి విడిపించిండు. అందుకు దేవునికి వందనాలు చెల్లిస్తున్న" అని చెప్పి కూర్చుంది. నా అంగీ జేబులో అప్పుడు సగం కట్ట ఉంది! హల్లెలూయ అంటూ అందరూ చప్పట్లు, అయ్యగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు, ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి కలుపుతుంటే నేను కొత్త పెళ్లికొడుకులా నేల చూస్తూ నిలబడ్డాను. కాదని చెబితే ఆమె పరువు పోతుంది, ఔనంటే అది అబద్ధం, ముందుకు పోతే గొయ్యి వెనక్కి పోతే నుయ్యి అన్నట్టు అయింది నా బతుకు.

దారి పొడవునా కోపం ఆపుకుని, ఇంటికి రాగానే అరిచాను, మందిలో నా ఇజ్జత్ తీశావని, నేను ఎప్పుడు మానానని. ఆమె చీర కొంగు బిగించుకుని నెమ్మదిగా అంది: "అయినంక వందనాలు ఎవలైనా చెప్తరు. నేను నమ్మి ముందుగాల చెప్పిన. ఇగ నువ్వు, నీ దేవుడు చూస్కోండ్రి."

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున చాయ్ తాగి, జేబులోకి చెయ్యి పోతుండగా వాకిట్లో కర్ర చప్పుడు వినిపించింది. సుందరమ్మ అవ్వ! కొంగులో వేయించిన శనగలు కట్టుకుని వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు, "అవ్వా, నేను మానలే. ఆమె ఊకెనే చెప్పింది" అన్నాను. అవ్వ నా పక్కన కూర్చుని, "నాకు తెల్వదా బిడ్డా? నీ అంగి వాసన చెప్తలేదా? సంఘంల అందరికీ ఎరుకనే. మీ ఇంటామె దేవునికి ముందుగాల వందనాలు చెప్పింది. ఇగ గా మాట నిలబెట్టుడు మనందరి పని" అంది. చప్పట్లు కొట్టినవాళ్లు మోసపోయి కొట్టలేదు, నాతో పాటు భారం ఎత్తుకోవడానికి కొట్టారు!

చాయ్ తాగిన తర్వాతి వేళ బీడీ తాగేవాడికి గండం అని అవ్వకు తెలుసు, ఆమె భర్త కూడా అలాగే తాగేవాడు. అందుకే ఆ వేళకు నన్ను ఒంటరిగా వదలకూడదన్నది ఆమె పెట్టిన నియమం. పొద్దున్నే వచ్చి నా నోట్లో శనగలు పోసి, కర్ర పొడుచుకుంటూ కూలీల అడ్డా దాకా నాతో నడిచేది, నడుస్తున్నంతసేపూ పాట పాడమనేది, నేను దగ్గుతూ పాడితే ఆగి నిలబడి మళ్లీ మొదటి నుంచి అనేది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు, ఏమయ్యా మేస్త్రీ, బడికి తోలుకపోతున్నదా ముసలమ్మ అని. ఆమెకు మోకాళ్లు నొప్పి చేసిన రోజుల్లో సంఘంలో ఎవరో ఒకరు వచ్చేవారు, కొందరు లవంగాలు, కొందరు ఎండు ఉసిరి, అయ్యగారైతే వట్టి చేతులతో వచ్చి నా వంతు చాయ్ కూడా తాగేవారు.

పని దగ్గర నా తోడు ఖాజా అన్న. మేమిద్దరం ఏళ్ల తరబడి ఒకే అగ్గిపుల్లకు రెండు బీడీలు అంటించుకున్నవాళ్లం. నేను సంగతి చెబితే నవ్వుతాడనుకున్నాను. ఆయన తాపీ కింద పెట్టి, "రంజాన్ల రోజా ఉన్నప్పుడు పొద్దంత బీడీ ముట్టకుండ ఉంటలేనా? గట్లనే నీ ముందట ఉన్నంతసేపు ముట్ట, ఫికర్ జెయ్యకు" అన్నాడు. అన్నట్టే, తాగాలనిపిస్తే కడుతున్న ఇంటి అవతలి పక్కకు పోయి, నీళ్లతో నోరు కడుక్కుని వచ్చేవాడు. నా దేవుడు నా కోసం ఎవరెవరిని నిలబెట్టాడో చూడండి!

ఇంతమంది ఉన్నా నేను పడ్డాను సహోదరులారా, దాచను. బొంగులూరులో ఒక కొత్త ఇంటి పని, గోడ వంకర వచ్చిందని ఇంటి యజమాని నలుగురి ముందు మాటలన్నాడు, కట్టింది కూలగొట్టించాడు. తల వేడెక్కి రోడ్డు మీది పాన్ డబ్బా దగ్గరకు పోయాను, నేను అడగకుండానే దుకాణమతను పాత అలవాటుగా కట్ట ముందు పెట్టాడు. వెలిగించాను. ఎంత హాయిగా ఉందో చెప్పను, ఆ హాయి తర్వాత వచ్చిన సిగ్గు మాత్రం చెబుతాను. తిరిగి వచ్చి, సగం కట్టిన ఇంకో గోడ వెనక్కి పోయి ఇసుక కుప్ప మీద మోకరించాను. "ప్రభువా, బాపు ఇచ్చిన బీడీని ఆరకుండ కాపాడిన, నువ్వు ఇచ్చిన ఊపిరిని కాపాడలేకపోయిన. నాతోని అయితలేదు. నా చెయ్యి నువ్వే పట్టుకో, నన్ను ఇడ్వకు" అని ఏడ్చాను. మట్టి మనిషిలో ఊపిరి ఊదిన దేవుడు ఇసుకలో మోకరించిన మేస్త్రీ మాట వినకుండా ఉంటాడా!

మరునాడు అవ్వ రాగానే పడిపోయానని చెప్పాను, తిట్టించుకోవడానికి సిద్ధమై తల వంచాను. ఆమె కొంగులోని శనగల ముడి విప్పుతూ, "పడ్డవా? సరే. చాయ్ తాగినవా? లే, పోదాం" అంది. అంతే. ప్రసంగం లేదు, నింద లేదు. ఆ ఒక్క మాటలో నా ప్రభువు స్వరం విన్నాను, ఆ పొద్దున అడ్డా దాకా పాడిన పాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నాకు విడుదల మెరుపులా రాలేదు. ఒకరోజు గోడకు పూత వేస్తూ, పొద్దు నడినెత్తికి వచ్చాక, ఇవాళ బీడీ సంగతే గుర్తుకు రాలేదని నాకు నేనే ఉలిక్కిపడ్డాను. ఖాజా అన్నకు చెబితే తనకే విడుదల దొరికినంత సంబరపడి నన్ను కావలించుకున్నాడు, తర్వాత కొన్నాళ్లకు తానూ మానేశాడు. మెట్లు ఎక్కగలిగాను, దగ్గు తగ్గింది, డాక్టరు ముఖంలో నవ్వు చూశాను. తర్వాతి వానాకాలం ఒక ఆదివారం రేకులు అదిరిపోయేలా వాన పడితే అయ్యగారు ప్రసంగం ఆపి నా వైపు చూశారు. పాట ఎత్తుకున్నాను. పల్లవి దాటింది, చరణం దాటింది, ఆఖరి చరణం కూడా ఊపిరి తెగకుండా దాటింది. స్త్రీల వైపు చూస్తే సుందరమ్మ అవ్వ పాడడం లేదు, కళ్లు మూసుకుని వింటోంది. నాకు స్వస్థత ఇచ్చిన దేవుని నామానికే ఘనత కలుగును గాక!

అవ్వ ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉంది. ఆమె సమాధికి పూత వేసింది నేనే. మందిరానికి స్లాబు పడింది, మైకు వచ్చింది, వాన పడినా అయ్యగారి మాట చక్కగా వినిపిస్తుంది, అది మంచిదే, అయినా మబ్బు పట్టినప్పుడల్లా ఆ రేకుల కోసం నా మనసు కొట్టుకుంటుంది. పొద్దున చాయ్ తాగి కప్పు కింద పెట్టగానే వాకిట్లోకి చూడడం ఇంకా మానలేదు.

ప్రియులారా, మీ ఇంట్లో పొగకు కట్టుబడినవాడు ఉంటే తిట్టకండి, అతని కోసం నలుగురిలో నిలబడి దేవునికి వందనాలు చెప్పండి, చెప్పి ఊరుకోకుండా తెల్లవారి అతని వాకిట్లోకి పోండి. ఇక ఇది చదువుతూనే జేబు తడుముకుంటున్న సహోదరుడా, నువ్వు ఎవరివో నాకు తెలియదు, ఏ ఊరో తెలియదు. నీకు ఊపిరిచ్చిన దేవుణ్ణి నమ్ము. నిన్న శుక్రవారం ప్రార్థనలో నేనూ మణెమ్మా నిలబడి, నిన్ను విడిపించినందుకు ఆయనకు వందనాలు చెప్పేశాం.