గెలాక్సీల కోసం ఆగిన మగ్గాలు

మా పెంటప్ప బావకు ఒకటే పిచ్చి. ఆకాశంలో రెండు గెలాక్సీలు దగ్గరికొస్తే, కింద నీలం నగర్‌లో తన పన్నెండు మరమగ్గాలూ ఆపేస్తాడు.

మగ్గాలు నడిస్తే మిద్దె అదురుతుంది. మిద్దె అదిరితే దానిమీది టెలిస్కోపు అదిరి ఫోటో చెడుతుంది. ఒక్క జంట కోసం రెండు వందల ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చే ఓపిక ఆయనది. ఒకదాన్నొకటి లాక్కుంటూ పొడుగాటి తోకలు సాచిన జంటను మొదటిసారి చూపించినప్పుడు నోరు తెరిచాను. తువ్వాళ్లు నేసే మనిషికి ఇంత విద్య ఎక్కడిదిరా అనుకున్నాను.

"గుద్దుకున్నయా బావా?"

"గుద్దుకునుడు కాదురా, పోగులు చిక్కువడ్డయ్. కోట్ల యేండ్లకు రెండూ ఒకటే ఐతయ్."

వీధిలో ఆలుమగలు కొట్లాడుకున్నా వెళ్లి ఇదే మాట చెప్పి వస్తాడు.

ఇదివరకు నెలకు ఒకటి రెండు రాత్రులే మగ్గాలు ఆగేవి. మొన్న ఫిబ్రవరిలో పిచ్చి ముదిరింది. రోజూ ఏడు నుంచి తొమ్మిది దాకా బంద్! మిగిలిన పని ఆ తర్వాత. దానికెవరూ ఏమనలేదు, మగ్గం చప్పుడు లేనిదే మా పేటలో ఎవరికీ నిద్ర పట్టదు. మా సరోజక్క మాత్రం గయ్యిమంది.

"మన తువ్వాళ్లు ఆ గెలాక్సీలొచ్చి నేస్తయా?"

"ఆగవే, తోకలు మస్తు కనవడ్తున్నయ్."

"ఇంత మబ్బుల?"

"మబ్బు సందుల్నుంచి చూస్తున్న."

గోడకవతల పార్వతీబాయి ఇల్లు. బీడీలు చుట్టి మనవరాలు అశ్వినిని బారావీ, అంటే పన్నెండో తరగతి, చదివిస్తోంది. పిల్ల నిరుడు లెక్కల్లో తప్పింది. "ఈసారి తప్పితే నా పక్కన కూసోని బీడీలు చుట్టుడే" అని అవ్వ తేల్చేసింది. ఒకరి ఉపకారం ఆవిడ ఒంటికి పడదు. అక్క గిన్నెడు కూర పంపితే మర్నాడు రెండు గిన్నెలు తిరిగొస్తాయి.

మేలో ఫలితాలొచ్చాయి. అశ్వినికి లెక్కల్లో ఎనభై ఒకటి! రాత్రి పదింటికి అవ్వా మనవరాలూ పేడాలు పట్టుకుని మిద్దెక్కారు. బావ మురిసిపోయి తోకల జంటను చూపించాడు. అశ్విని తెర చూసింది, ఆకాశం చూసింది, వేళ్లు మడిచింది.

"మామా, చుక్కలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగాల పొడుస్తయని చెప్పినవ్ గద?"

"అవ్ బిడ్డా."

"మూడు నెలలకు ఆరు గంటలైతది. ఇప్పుడు పదింటికి నడుమ ఆకాశంల ఉన్నదంటే, ఫిబ్రవరిల తొమ్మిది దాకా ఇది పొడవనే లేదు! మరి మగ్గాలెందుకు బంద్ పెట్టినవ్? అది నేను చదువుకునే టైమ్ గద?"

అక్క చేతిలో పేడా చేతిలోనే ఉండిపోయింది. బావ తల గోక్కున్నాడు.

"మెల్లగ అనవే, మీ అవ్వ వింటది. నీకు లెక్కలు ఇంత మంచిగ వస్తయని తెలిస్తే బంద్ పెట్టకపోతుంటి గద!"

అవ్వ విననే విన్నది. మర్నాటి నుంచి మా ఇంట్లో కూర వండే పని లేకుండా పోయింది.