నోటికి పెట్టిన పరీక్ష

తొమ్మిదేళ్లు గాల్లో బతికిన మనిషి ఆవిడ. విమానం కుదుపులకు జనం దేవుళ్లందరినీ తలుచుకుంటుంటే, ట్రాలీకి బ్రేకు వేసి "ఏం లేదండీ, కూర్చోండి" అనగలిగిన మనిషి. అలాంటిదాన్ని కంపెనీ ఒకనాడు నట్టేట ముంచింది. ఉదయం ట్రిప్పు ముగించి సిబ్బంది బస్సెక్కింది. బస్సు దిగేసరికి కంపెనీ మూతపడింది. రోజూ నమస్తే పెట్టే గేటు కాపలాదారు తల దించుకుని గుర్తింపు కార్డు అడిగాడు. మొగుడు కూడా అదే కంపెనీలో సామాన్ల బండి తోలేవాడు. ఇంట్లో రెండు ఉద్యోగాలూ ఒకేసారి పోయాయి.

ఉన్న ఊళ్లో కంపెనీలకు పాతికేళ్లు దాటితే ముసలమ్మ కింద లెక్క. ఒక్క విదేశీ కంపెనీ మాత్రం ముప్ఫై రెండు నిండేదాకా తీసుకుంటామంది. ఆవిడకు నిండడానికి నలభై రోజులున్నాయి. షరతు ఒకటే, ఆ దేశపు భాష రావాలి. రెండేళ్ల కాంట్రాక్టు, ఏటా భాష పరీక్ష, తప్పితే ఇంటికే.

"ఏడాదికోసారి మెడ మీద కత్తన్నమాట," అన్నాడు మొగుడు.

"కత్తుంటే ఉండనివ్వండి. ముందు ఉద్యోగం రానివ్వండి."

భాష వచ్చని దరఖాస్తులో రాసేసింది. అబద్ధమాడాలని కాదు, ఆ పనిలో ఉన్నవాళ్లే చేసే పొరపాటది. పాత కంపెనీ ఆ దేశానికి వారానికి రెండు ట్రిప్పులు నడిపేది. బెల్టు పెట్టుకోండి, సీటు నిటారుగా పెట్టండి, లైఫ్ జాకెట్టు మీ సీటు కింద ఉంది, అంటూ ప్రకటనలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది. ఆరేళ్లు తడుముకోకుండా చెప్పింది. అక్కడి పెద్దవాళ్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని ఏదో మెచ్చుకునేవారు. ఏమన్నారో తెలీదు, నవ్వేసేది. నోరు తిరిగితే భాష వచ్చినట్టే అనుకుంది పిచ్చిమొహం! పైగా మొదటి వడపోత ప్రకటన చదివి ఫోన్లో పంపడమే. ఇట్టే గట్టెక్కింది.

చివరి పరీక్షకు ఆ దేశం రమ్మన్నారు. హాస్టల్లో ఇద్దరికో గది. రెండో మంచం ఇరవై రెండేళ్ల అమ్మాయిది, తెలుగు పిల్లే. ఏడాదిపాటు క్లాసులకెళ్లి ఆ భాష గడగడా నేర్చుకుంది కానీ, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. చెవుల దిబ్బడ ఇంకా వదల్లేదు.

"మీకేంటక్కా, మీరు సీనియరు. మీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?" అంది. ఆవిడ కాస్త పొంగిపోయింది కూడా.

పరీక్ష గదిలో మూడు కుర్చీలు సీట్ల వరుసలా వేశారు. టై కట్టుకున్న ఒక పెద్దాయన ప్రయాణికుడి వేషంలో కూర్చున్నాడు. మార్కులు వేసే ఆవిడ బల్ల దగ్గరుంది. పలకరింపు దాకా బాగానే సాగింది. ఉన్నట్టుండి పెద్దాయన గుండె పట్టుకుని ఏదేదో అంటూ పక్కకు ఒరిగాడు.

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా చేతులు ఆగితేగా! టై వదులు చేసింది, కాలరు గుండీ తీసింది, వెన్నుకు చెయ్యి ఆసరా ఇచ్చి వెనక్కి కూర్చోబెట్టింది. ఒక చేత్తో నాడి పట్టుకుని, రెండో చేత్తో ఆక్సిజన్ సీసా కోసం తడిమింది. గోడ తగిలింది. నిజంగానే తనకేదో అయిందేమోనని పెద్దాయన కూడా కంగారుగా చూసి, మళ్లీ ఏదో అడిగాడు. బదులు చెప్పాలి. ఏం చెబుతుంది? నోటికొచ్చిందల్లా లైఫ్ జాకెట్టు మీ సీటు కింద ఉందన్న ప్రకటనే. అదే చెప్పింది, ఒక్క తప్పు లేకుండా.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

బల్ల దగ్గరావిడ కలం కింద పెట్టి ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది: "మీ చేతులకు నూటికి నూరు వెయ్యాలనుంది. కానీ ఈ కాగితంలో మాటకే మార్కులు. నన్నేం చెయ్యమంటారు? ఆర్నెల్ల తర్వాత మళ్లీ రండి."

"అప్పటికి నాకు వయసు దాటిపోతుందండీ."

మార్కులావిడ దరఖాస్తులో పుట్టిన తేదీ చూసి, కాగితం బోర్లించింది. ఆవిడా జీతం తీసుకునే మనిషే, ఎవరి మీద అరవాలి?

అమ్మాయి నెగ్గింది. గదిలోకొచ్చి, నెగ్గినందుకు తప్పు చేసినదానిలా మంచం అంచున కూర్చుంది.

"అక్కా, నొప్పెక్కడ, మందులేం వాడతారు, అన్నీ అడిగానక్కా. అడిగి దిమ్మెరపోయి నిలబడ్డాను. నిజంగా ఎవరైనా అలా పడిపోతే ఏం చెయ్యాలి?"

ఒళ్లు మండింది ఆవిడకి. నా ఉద్యోగం నీకిచ్చారు, పని కూడా నేనే నేర్పాలా తల్లీ, అని నోటిదాకా వచ్చింది. కానీ రేపు ఏ పెద్దాయనో దీని ముందే పడిపోతే?

"లే, ఆ కుర్చీలో కూర్చో," అంది. "ముందు కాలరు."

అంతలో ఫోను మోగింది. మొగుడు.

"ఏమైందే? పొద్దుట్నుంచీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాం."

"ఉండండి, ఇక్కడ ఒకమ్మాయికి పని నేర్పిస్తున్నా," అనేసింది.

"అప్పుడే నేర్పించడానికి పెట్టేశారా! నేను చెప్పలా? సీనియరంటే మాటలా!" అని అరిచి, పక్క గదిలోకి పరుగెత్తాడు. "చిట్టీ, అమ్మకి ఉద్యోగం వచ్చేసిందే!"

కాదండీ, అనాలి. కుర్చీలో అమ్మాయి కాలరు విప్పుకుని, తర్వాతేమిటని ఆవిడ మొహంలోకే చూస్తోంది.

ఫోను కూతురి చేతికొచ్చింది.

"అమ్మా! మళ్లీ ఎప్పట్నుంచి ఎగురుతావు?"