ముప్పై ఆరు గుర్తుల లెక్కలో నేను రాసిన ఒక వరుస

నా భయాలన్నీ ఎరిగి కూడా నన్ను తోసివేయని దేవునికి స్తోత్రం. గర్భంలో దాగిన శిశువును సైతం చూసే ఆయన కన్నులకు మహిమ కలుగును గాక.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పూర్తి చేసి ఎల్బీనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసు. ట్యూబు మీద అంటించే స్టిక్కరు చాలా చిన్నది, పొడవు నంబరు పట్టదు. పేషెంటు వరుస సంఖ్యను పొట్టి కోడుగా మార్చే పని నాకిచ్చారు. పది అంకెలకు ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలు కలిపి, ముప్పై ఆరు గుర్తులతో రాస్తే పెద్ద సంఖ్య కూడా పొట్టిదవుతుంది. ఆ మార్పిడి చేసే లైబ్రరీ, అంటే రెడీమేడ్ ప్రోగ్రాం ముక్క, ఎవరో ముందే రాసిపెట్టారు. సంఖ్య ఇస్తే కోడు ఇస్తుంది.

సరిచూసుకుంటూ 7998 ఇచ్చాను. 666 అని వచ్చింది.

సండే స్కూలు నాటి నుంచి వింటున్న సంఖ్య, బైబిలు చివర సాతాను పక్షాన లేచే మృగం సంఖ్య. బండికి ఆ నంబరు వచ్చిందని వద్దన్నవాళ్లు మా చర్చి సంఘంలోనే ఉన్నారు. దాన్ని ఒక మనిషి రక్తం మీద నేను అంటించాలా? ఎవరినీ అడగలేదు. 666 వస్తే 667 ఇవ్వమని ప్రోగ్రాంలో ఒక వరుస రాసి, ప్రార్థన చేసుకుని తేలికపడ్డాను. 7999కి సహజంగా వచ్చేది కూడా 667 అని నాకు తట్టనే లేదు.

కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం ల్యాబు టెక్నీషియన్ ఫోన్ చేసింది.

“ఏందక్కా ఇది? ఒక్క కోడు మీద ఇద్దరున్నరు. మన్సూరాబాద్ పెద్దాయన రిజల్టే గా మీర్‌పేట్ పిల్లకు కూడా పడ్డది. ఆమె ట్యూబు ఇంకా స్టాండులనే ఉంది. కడుపుతోని ఉన్నదక్కా, రిపోర్టు పట్టుకొని పోయింది!”

ఫోన్ పెట్టి ఆ ఇద్దరి వరుస సంఖ్యలు చూశాను: 7998, 7999. పెద్దాయన రక్తం బాగుంది. ఆమెది ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

విషయం విన్న మా సీనియర్, గుంటూరు వైపు ఆయన, తల పట్టుకున్నారు. “ఆ లైబ్రరీ రాసినవాడెవడో కునుకుతూ రాసుంటాడమ్మా. ల్యాబు వాళ్లకు అదే చెబుదాం.”

ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. ఊరుకుంటే నా పేరే రాదు. ఆయన ముందు నిలబడ్డ ఆ కాసేపు, మృగానికి భయపడ్డదానికన్నా ఎక్కువగా నాకు నేనే భయపడ్డాను.

“లైబ్రరీ సరిగ్గానే ఉంది సార్. మధ్యలో నేనొక వరుస పెట్టాను. ఆ సంఖ్యంటే భయమేసి.”

ఆయన స్క్రీన్ మీద ఆ వరుస వెతికి చదివారు. “రాహుకాలంలో కొత్త ప్రోగ్రాం ఎక్కించనివాణ్ణి, నిన్నేమంటాను? కానీ నేను ఆ వేళ దాటేదాకా ఆగుతానమ్మా, లెక్క మార్చను. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేయించు.”

ల్యాబు వాళ్లు మూడుసార్లు చేసినా ఆమె ఎత్తలేదు. నేను ఆ వరుస తీసేశాను. ఇంతలో టెక్నీషియన్ స్టాండులో మిగిలిన ట్యూబును మిషన్‌లో పెట్టి మళ్లీ ఫోన్ చేసింది. పదకొండైనా ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆరే ఉందట. నాలుగోసారి ఆమె భర్త ఎత్తాడు. రిపోర్టు మంచిగొచ్చిందని ఐరన్ మాత్రలు పక్కన పెట్టించాడట. ఆ సాయంత్రమే దవాఖానలో చేర్చారు.

నా ఉద్యోగం పోలేదు. ఇప్పుడు ఏ సంఖ్య మార్చినా, తిరిగి పాత సంఖ్య వస్తుందో లేదో చూస్తాను. అయినా భయం పోలేదు. ఆమెకు రక్తం ఎక్కించారనీ, నెలలు నిండుతున్నాయనీ మాత్రమే తెలుసు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. ప్రభువా, ఆ తల్లిని, బిడ్డను క్షేమంగా వేరుచెయ్యి. నీ పేరు చెప్పి నేను రాసిన తప్పు వాళ్ల మీద పడనివ్వకు. ఆమేన్ అనండి.