తాగని మనిషికి పడిన పేరు

చింతామణి బజారులో ముద్దుకృష్ణను తాగుబోతు చేసినవాళ్లలో సొంత నాయన కూడా ఉన్నాడు.

హనుమంతరాయశెట్టిది బెల్లం, కందిపప్పు అమ్మే అంగడి. కొడుకు ముద్దుకృష్ణ తక్కెడ ఎత్తితే ముల్లు కదలకుండా నిలిచేది. ఇరవై దాటాక ఆ చెయ్యి వణకసాగింది. మాట ముద్దకట్టింది, చొంగ కారడం మొదలైంది. సాదలి నుంచి బెల్లం కొనడానికి వచ్చిన మునిశామప్ప ఒకనాడు అతని చేతిలోని తక్కెడ లాక్కున్నాడు.

"ఏం శెట్టీ, నీ కొడుకు పొద్దున్నే సారాయి అంగడికి పోయొచ్చినాడా? నా బెల్లం గూడా ఊగతాండాది!"

అందరూ నవ్వారు. శెట్టి కాదనలేదు. "ఏం చేసేదప్పా, చెప్పి చెప్పి నా నోరు నొస్తాండాది" అన్నాడు.

చుక్క ముట్టని ముద్దుకృష్ణ తల దించుకుని పప్పులో రాళ్లు ఏరుతూ కూచున్నాడు. నాయన ఎందుకట్లా అన్నాడో అతనికి తెలుసు. తాగుడైతే ఒక్కడి తప్పు. జబ్బంటే ఇంటి రక్తం మీదికొస్తుంది. చెల్లెలు కాంచనను బాగేపల్లిలో ఉన్న మేనమామ గుండప్పకు ఇయ్యాలని మాట అయివుంది. అమ్మ మీనాక్షమ్మ పెళ్లి కూడా తన మేనమామ హనుమంతరాయశెట్టితోనే జరిగింది. ఆ ఇంట్లో అదే వాడుక.

పంతొమ్మిది వందల ఎనభైలో నడక కూడా తప్పింది. సరుకు బేరమని ఊరికి చెప్పి శెట్టి కొడుకును బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ కళ్లలోకి దీపం వేసి నల్లగుడ్డు అంచున ఉన్న గోధుమరంగు వలయం చూసింది. రక్తం తీయించింది.

"తిండిలో వచ్చే రాగిని రక్తంలో మోసే పదార్థం ఇతనికి చాలా తక్కువగా ఉంది. బయటికి పోవాల్సిన రాగి లివరులో నిండి, మెదడులో కదలికల్ని అదుపుచేసే చోట పేరుకుంది. విల్సన్ జబ్బంటారు. మాత్రలున్నాయి, కానీ బతికినన్నాళ్లూ మింగాలి. ఇంట్లో ఏమైనా మందు ఇస్తున్నారా?"

నరాల బలానికని, రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్లు తల్లి రోజూ పరగడుపున తాగిస్తోంది. శెట్టి ఆ సంగతి చెప్పి, ఇంటికి పోగానే ఆ చెంబు తీసేస్తానన్నాడు.

"ఇది తల్లిలోనూ తండ్రిలోనూ దాక్కుని, పిల్లల్లో బయటపడే జబ్బు. ఇతని తోడబుట్టినవాళ్ల రక్తం వెంటనే చూడాలి. వణుకు రాకముందే పట్టుకుంటే రాకుండా ఆపొచ్చు" అందామె.

తిరుగు బస్సులో శెట్టి గుసగుసగా అన్నాడు: "కాంచన మాట ఎత్తొద్దురా. దాని రక్తం తీసినారని తెలిస్తే గుండప్ప తాళి కడతాడా?"

ముద్దుకృష్ణ సరేనన్నాడు.

తాగుబోతన్న మాట అతనికి ఎప్పుడో అలవాటైపోయింది. ఈ సరే అన్న మాట మాత్రం అలవాటు కాలేదు. మాత్ర మింగేటప్పుడు నీళ్లందించేది చెల్లెలే. తనను కాపాడే మందు తాను మింగుతూ, ఆమె వేళ్ల వైపు దొంగలా చూసేవాడు. మళ్లీ చూపు దించుకునేవాడు.

కొన్ని నెలలకు ఒక సంతనాడు కాంచన అంగడికి సద్ది తెచ్చింది. మునిశామప్ప ఊరుకుంటాడా? "సద్ది యాలమ్మా మీ యన్నకు? సీసా తెచ్చింటే చాలు గదా!"

ముద్దుకృష్ణ లేచి నిలబడి ఏదో అరిచాడు. ఎవరికీ అర్థం కాలేదు. అతని మాటలు పోల్చుకోగలిగింది కాంచన ఒక్కతే.

"ఏమంటాండాడమ్మా?" అన్నాడు మునిశామప్ప.

"ఎప్పుడూ తాగలేదంట. మెదడులో జబ్బంట."

అన్న మరో మాట అన్నాడు. కాంచన నాయన వైపు చూసింది. శెట్టి మొహం తిప్పుకున్నాడు.

"చెప్పమ్మా" అన్నాడు మునిశామప్ప.

"నా రక్తం గూడా చూడాలంట. డాక్టరమ్మ ఎప్పుడో చెప్పిందంట. నాయన వద్దన్నాడంట. అన్న గూడా నోరు మూసుకున్నాడంట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మర్నాడు తొలి బస్సుకు ముగ్గురూ బెంగళూరు పోయారు. కాంచన చేతుల్లో వణుకు లేదు గానీ, రక్తంలో అదే లోటు. ఆనాడే మాత్రలు మొదలుపెట్టారు. గుండప్ప ఇంటివాళ్లు సంబంధం వదులుకున్నారు. ఇన్నేళ్లయినా ఆమె చేతులు వణకలేదు. ముద్దుకృష్ణ నడక కుదుటపడింది, మాట మాత్రం పూర్తిగా రాలేదు. తాను దాచిన నెలల్లో ఆమెకేమీ కాకపోవడం అదృష్టమే తప్ప తన మంచితనం కాదని అతనికి తెలుసు. ఇప్పటికీ ఆమె ముందు మాత్ర మింగడు.

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, మీ వీధిలో చెయ్యి వణికే పిల్లాణ్ణి తాగుబోతనే ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. జబ్బు బయటపడితే వాని అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు కూడా రక్తపరీక్ష చేయించండి. ఆ పరీక్షా, ఆ మాత్రలూ తాలూకా ఆసుపత్రిలోనే దొరకాలని మీ ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడి అడగండి. పరువు కోసం దాచమని ఎవరైనా అంటే, ఎవరి ప్రాణం పెట్టి దాచమంటున్నారో వాళ్ల మొహం మీదే అడగండి.