సుందరమ్మ గారి నుదుటి అద్దం

నిన్న నెల్లూరులో డాక్టరు నా గొంతు చూడ్డానికి నుదుటి లైటు వేశాడు. ఆ వేడి పెదవులకు తగలగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పిగా ఉందా అని అడిగాడు. నాకు ఉదయగిరి డాక్టరమ్మ సుందరమ్మ గారు గుర్తొచ్చారు.

పందొమ్మిదివందల యాభైల్లో ఆవిడ దగ్గర నర్సుగా చేరాను. ఊళ్లో కరెంటు లేదు. రోగిని వరండాలో కూర్చోబెట్టి, నుదుటికి కట్టుకున్న గుంట అద్దంతో ఎండను గొంతులోకి తిప్పి చూసేవారు. మబ్బు పడితే గ్యాసు లైటే గతి. ఒకసారి నేను పెద్ద తెలివిగా, దాని బదులు నాలుగు లాంతర్లు పెడితే సరిపోదా అన్నాను.

"పది పెట్టుకో. వెలుగు పడే చోటు పెద్దదవుద్ది గానీ, ఆ సందులోకి పోయే వెలుగు పెరగదు. ఒత్తికి ఎంత తీక్షణం ఉండాదో అంతే. అద్దం తిప్పుద్ది, పుట్టించదు" అన్నారు.

ఇంత తెలిసీ నేను చేసిన నిర్వాకం వినండి. దుత్తలూరులో మా మేనమామ కూతురి పెళ్లి ఊరేగింపుకు ఆస్పత్రి గ్యాసు లైటును చెప్పాపెట్టకుండా ఇచ్చేశాను. బండి కుదుపులకు దాన్లో వెలుగిచ్చే మాంటిల్, ఆ వల తిత్తి, పొడైపోయింది. కొత్తది ఆత్మకూరు నుంచి రావాలి. వచ్చాక చెబుదాంలే అని ఊరుకున్నాను.

మర్నాడే, కారుమబ్బు పట్టిన మధ్యాహ్నం, సంతకొచ్చిన వరికుంటపాడు రైతు నాలుగేళ్ల కొడుకును ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. సీతాఫలం గింజ గొంతుకు అడ్డుపడింది. పిల్లవాడి పెదవులు నీలంగా ఉన్నాయి.

"గ్యాసు లైటు ఎలిగించు" అన్నారు డాక్టరమ్మ. నేను మూడు లాంతర్లు తెచ్చి పెట్టాను. ఆవిడ మాంటిల్ లేని లైటును చూశారు, నన్ను చూశారు. ఆ లాంతర్ల ముందే అద్దం కట్టుకున్నారు. నల్లటి గింజ, మసక వెలుతురు. "కనపళ్లేదే, కనపళ్లేదే" అంటూ పట్టకారుతో తడుముతూనే ఉన్నారు. పిల్లవాడు నా చేతుల్లోనే పోయాడు.

గంటకు ఎండ కాసింది. ఆవిడ మళ్లీ అద్దం కట్టుకుని, ఒక్క పట్టున గింజ తీశారు.

"ఇంత పైనే ఉండాదా అమ్మా? మరి అప్పుడెందుకు దొరకలా?" అన్నాడు తండ్రి.

"నా చెయ్యి ఆడలేదు నాయనా. తప్పు నాదే."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ తర్వాత ఎవరూ పిల్లల్ని ఆవిడ దగ్గరికి తేలేదు. ఏడాది తిరక్కుండా ఆత్మకూరు వెళ్లిపోయారు. చనిపోయేదాకా నన్ను ఒక్క మాట అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తండ్రి బతికే ఉంటే, ఇప్పటికీ ఆవిణ్ణే తిట్టుకుంటూ ఉంటాడు.