పురిటి చాప మీది భుజాలు

ఆడదాని సత్తువ భుజాల వెడల్పును బట్టి ఉంటుందని తేల్చినవాడు జన్మలో ఒక్క వేరుశనగ మూటైనా మోసి ఎరగడు. 1911లో పుదుచ్చేరి రేవులో మూటలు మోసే ఎరుకలవాళ్ళను ఒక ఫ్రెంచి వైద్యుడు ఇనుప పట్టకారు లాంటి పరికరంతో కొలవడం మొదలుపెట్టాడు. మగవాళ్ళు వెడల్పు, ఆడవాళ్ళు సన్నం. ఆ సంగతి వాళ్ళకు కొలవకుండానే తెలుసు. అయినా దాని మీద ఒక శాసనం పుట్టింది: ముప్పై ఆరు సెంటీమీటర్లకు తగ్గిన భుజాలకు రేవులో పని లేదు.

చిన్నపొన్ను పదేళ్ళుగా మోస్తున్నది. ఆ పని పోతే ఇంట్లో పొయ్యి రాజదు. బిడ్డను కన్న మూడోనాడే ఆమె రేవుకు వెళ్ళింది. కులాచారం ప్రకారం పురిటి చాప ఎక్కినవాడు మొగుడు ముని. భార్య చీర కట్టి, ముసుగు వేసుకుని, బాలింతల కాయం మింగుతూ, పదిరోజులు గుడిసె దాటకూడదు. దాటితే బిడ్డకు ముప్పు.

వైద్యుడు గుడిసెలకు వచ్చిన ఉదయం ఆమె వాకిట్లో కట్టెలు కొడుతున్నది. అప్పటికే పక్కింటి కుప్పమ్మాళ్‌తో సహా తొమ్మిదిమంది ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారు.

"చిన్నపొన్ను యాడ? ఈమధ్యనే కన్నదంట గదా?" అన్నాడు వైద్యుడి గుమాస్తా రామానుజం. జవాబుకోసం ఆగలేదు. లోపల చీర, ముసుగు, పక్కన పసిబిడ్డ కనబడ్డాయి. "ఇదిగో దొరా!"

వైద్యుడు వంగి, ముసుగు మీదనే కొలిచి, అంకె చెప్పాడు.

"ముప్పై తొమ్మిదా! ఏంది ఈ ఆడది, తాటిమొద్దు మాదిరి ఉండాదే!" అంటూ గుమాస్తా అనుమతి చీటీ రాశాడు. ముని ముసుగును ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

చిన్నపొన్ను గొడ్డలి ఆగింది. తన భుజాలు కుప్పమ్మాళ్ భుజాలకన్నా సన్నం. మళ్ళీ కట్టె మీద వేటు వేసింది. వాళ్ళు వెళ్ళాక చీటీ కొంగున ముడి వేసుకుంది.

"మొగుడి భుజాలు తగిలించుకున్నావా ఏమే? సిగ్గు లేదా? దొరకు చెప్తా ఉండు," అంది కుప్పమ్మాళ్.

"చెప్పు అక్కా. నా పని పోతాది. నీది తిరిగి వస్తాదా? కొలత మొగుడిది, మోసేది నేను."

కుప్పమ్మాళ్ ఆమె కాళ్ళ ముందు ఉమ్మి వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

మరునాడు రేవు వరసలో చిన్నపొన్ను ఒక్కతే ఆడది. మూట తలకెత్తడానికి మరొకరి చేయి కావాలి. ఇన్నేళ్ళూ కుప్పమ్మాళే ఆ చేయి. మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"వెడల్పు భుజాలంట గదా, ఎత్తుకోమ్మే!" అన్నాడు వాళ్ళలో ఒకడు.

చిన్నపొన్ను మోకాళ్ళ మీద కూలబడి, మూట కింద తల దూర్చి, పచ్చి పురిటి నడుము బిగించి, ఎవరినీ చూడకుండా లేచింది.