వికారానికి గడి లేదు

ఆ ఆసుపత్రికి ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. రెండింటికి మాత్రం ముద్ర కొట్టిన రసీదులు ఇచ్చారు, దాచుకోమన్నట్టు. రైల్వేలో నేను చేసింది ఫిర్యాదులు చూసే గుమాస్తా పనే. తిట్టి రాసినవాడికి కూడా జవాబు పంపకుండా ఉండలేదు.

మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక మేముండే రాయపూర్‌లోనే కీమో మొదలుపెట్టారు. మొత్తం ఆరుసార్లు ఎక్కించాలన్నారు. అప్పుడు అక్కడ వాంతులు ఆపే కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది. చేరతామని ఒప్పుకున్నాం. కీమో అయ్యాక ఐదు రోజులపాటు ఒక ఫారం నింపాలి. అందులో అడిగేది ఒక్కటే, రోజుకి ఎన్ని వాంతులయ్యాయని.

ఫారాలు తీసుకునే నర్సమ్మాయిది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ వార్డులో తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే. "పిన్నిగారూ" అని పిలిచిందంటే మా ఆవిడ ముఖం విప్పారేది.

మొదటిసారి రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున్న పోపు వాసనకి మొదలైంది. ఉమ్మి మింగినా డోకు వచ్చేది. బయటికి మాత్రం ఏమీ రాదు. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఫారంలో దానికి గడి లేదు కాబట్టి అంచున రాశాను, ఎన్నిసార్లో లెక్కపెట్టలేకపోయానని.

ఆ అమ్మాయి చూసి, లోపలికెళ్లి శుభ్రమైన ఫారం రాసి తెచ్చింది. ఐదు రోజులకీ సున్నాలు.

"బాబాయ్‌గారూ, అంచున రాసింది కంప్యూటర్లో ఎక్కదండి. బయటికి ఏం రాలేదన్నారు కదా."

నేను ఒప్పుకోనన్నాను. మా ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది.

ఎందుకు పెట్టావని వరండాలో అడిగాను.

"మన పిల్లండి అది. కాగితం వాపస్ వస్తే పెద్ద డాక్టరుతో డాంట్ తింటుంది, తిట్లు పడతాయి దానికి. నాకేం, మూడు రోజులు పడుకున్నాను, అయిపోయింది."

పెద్ద డాక్టరు సున్నాలు చూసి సంతోషించాడు. మందు మార్చక్కర్లేదన్నాడు. రెండోసారీ అవే సున్నాలు, మూడోసారీ అవే. మూడోసారి తర్వాత నాలుగు రోజులు ఆమె లోపలికి ఒక్క మెతుకు పోలేదు.

నాలుగోసారి ఆటో ఆసుపత్రి గేటు దాటగానే మా ఆవిడ స్పిరిటు వాసనకి వంగిపోయింది. నా భుజం పట్టుకుంది.

"ఇంటికి పదండి. పోతే పోతాను గానీ ఆ కుర్చీలో మళ్లీ కూర్చోను."

ఇంకా సగం కీమో మిగిలుంది. ఆటోవాణ్ణి కదలొద్దని చెప్పి లోపలికి పరిగెత్తాను. పెద్ద డాక్టరు ఫైలు తిరగేసి, వాంతులు లేవు కదా, భయపడుతోందేమో, నచ్చజెప్పి తీసుకురండి అన్నాడు, హిందీలో. బయటికొచ్చి చూడమన్నాను. ఓపీ వదిలి రాలేనన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. వెనక నుంచి "హటో అంకుల్, ఔర్ భీ మరీజ్ హై" అని, ఇంకా రోగులున్నారు తప్పుకోమని ఎవరో తోశారు. కదల్లేదు.

ఆ నర్సమ్మాయి నా పక్క నుంచి బయటికి వెళ్లింది. ఆటో దగ్గర కొంతసేపు ఉండి తిరిగొచ్చి, తల వంచుకునే పెద్ద డాక్టరుతో చెప్పింది, ఆ సున్నాలు తనే రాశానని, రోగికి డోకులు ఆగడం లేదని.

అప్పుడు లేచాడాయన. మా ఆవిణ్ణి పరిశోధనలోంచి తీసేసి, వేరే మందులిచ్చారు. వారం తర్వాత నాలుగోది ఎక్కించారు. ఆరూ పూర్తయ్యాయి. కళ్లు తిరిగినా అన్నం తినగలిగింది. ఇప్పుడు పోపు తనే వేస్తోంది.

ఆ అమ్మాయిని మాత్రం వేరే వార్డుకి మార్చేశారు. నా ఉత్తరాల్లో ఎక్కడా ఆమె మీద ఒక్క ముక్క రాయలేదు. తప్పు ఫారంది. ఆ మూడు ఫారాలూ దిద్దమని అడిగితే, మీరు బయటికి వచ్చేశారు కదా, ఇక మీకెందుకన్నారు. మా ఆవిడ కూడా వదిలేయమంటుంది. ఆ సున్నాలు నమ్మి ఇంకొకరికి అదే మందు ఇస్తారు. వాళ్లూ గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఆ పరిశోధన నడిపినవారిని అడుగుతున్నాను. మా ఆవిడ పేరున ఉన్న ఆ మూడు ఫారాలనూ మీ లెక్కలో కలిపారా, లేదా? ఈసారి రసీదు వద్దు. జవాబు రాయండి.